ఇది బాగుందా, అది బాగుందా?

"లేస్తావా, లేవవా?"

"లేవను."

"అది అలిగి కూర్చునే కుర్చీ కాదే. కళ్ళు చూసే కుర్చీ."

"అయితే నా కళ్ళే చూడండి. నిద్రలేక ఎంత ఎర్రబడ్డాయో మీకే తెలుస్తుంది."

కళ్ళద్దాలాయన చేతిలో ఉన్న తుడుపుగుడ్డని కోపంగా బల్లమీదకి విసిరాడు. గుడ్డకేం తెలుసు కోపం, మెత్తగానే పడింది.

దుకాణం వెనకే ఇల్లు. పొద్దున్నే పొయ్యి ఆపేసి, మధ్యగుమ్మం దాటి వచ్చి, ఆయన భార్య ఆ కుర్చీలో కూర్చుంది. మధ్యాహ్నం దాటినా కదల్లేదు. కళ్ళు పరీక్షించడానికి దుకాణంలో ఉన్నది అదొక్కటే. తల ఆనించుకునే దిండు, ఎత్తు పెంచే చక్రం ఉన్న బరువైన ఇనప కుర్చీ. అందులో ఎవరైనా కూర్చుంటే వ్యాపారం నడుస్తుంది, కట్టుకున్న భార్య కూర్చుంటే ఆగిపోతుంది. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే మనిషి కదా, ఎక్కడ ఒక్క గీత గీస్తే మొత్తం పని ఆగిపోతుందో ఆవిడకి బాగా తెలుసు.

"మీరు కొత్త పరీక్ష సంగతి వదిలేస్తేనే లేస్తాను. ఆఫీసుకి సెలవు కూడా పెట్టాను."

"నేను వదలను. సాయంత్రం ఆరింటితో గడువైపోతుంది. ఆలోపు కంప్యూటర్లో కొత్త పరీక్ష నొక్కేస్తాను."

"నొక్కి చూడండి!"

ఈ రభసంతా గోడవారగా ఉన్న బెంచీమీద ఇద్దరు కూర్చుని వింటున్నారు. ఒకరు దర్జీ ఆవిడ. చత్వారం ముదిరి సూదిలో దారం ఎక్కించలేక, కళ్ళద్దాలు మార్పించుకోవాలని వచ్చింది. తన వంతు ఎప్పుడొస్తుందో తెలియకపోయినా లేచి వెళ్ళాలని ఆవిడకేమీ లేదు. ఇంట్లో ఇంత కాలక్షేపం ఎక్కడ దొరుకుతుంది? రెండోవాడు ఈ ఇంటి ఇల్లాలి తమ్ముడు. డ్రైవింగు నేర్పడం అతని వృత్తి. రోజుకి పదిమంది చేతుల్లో ప్రాణాలు పెట్టి కూర్చునేవాడు కాబట్టి దేనికీ కంగారుపడడు.

ఎవరికోసం ఇదంతా జరుగుతోందో ఆ పిల్ల ఫ్రేముల అరల దగ్గర నిలబడి, ఇందాకటినుంచీ ఒకే ఫ్రేము తుడుస్తోంది. ఇంట్లో అందరూ ఆ పిల్లని సరేపాప అంటారు. మేనమామ పెట్టిన పేరు. పాలు తాగుతావా అంటే సరే, వద్దులే అంటే సరే. నోట్లో నాలుక లేని పిల్ల అని ఊరంతా మెచ్చుకుంటారు. నోట్లో నాలుక లేకపోవడం ఎందులో గొప్పో నాకయితే ఈనాటికీ అర్థంకాలేదు.

"ఇంతకీ ఈ రెండు పరీక్షల గొడవేంటి అన్నయ్యగారూ? రెండూ రాసేస్తే పోలా?" అంది దర్జీ ఆవిడ.

"రెండూ ఒకేరోజు, ఒకే పూట పెట్టారమ్మా."

"అయ్యో! మరి కాలేజీవాళ్ళు ఏది కావాలంటున్నారు?"

"ఏదైనా ఒకటే అంటున్నారు."

ఈ 'ఏదైనా ఒకటే' అన్నమాట ఉందే, అది ఈ ఇంట్లో పెట్టినంత చిచ్చు శత్రువులు కూడా పెట్టలేదు. పాత పరీక్షలో చదివి అర్థం చేసుకునేవి ఎక్కువ. పేరాలకి పేరాలు, మాటలకి అర్థాలు, కొంచెం లెక్కలు. ఆలోచించుకోవడానికి తీరిక ఇస్తారు. కొత్తదాంట్లో లెక్కలూ సైన్సూ ఎక్కువ, తీరిక తక్కువ. దేంట్లో మార్కులొచ్చినా కాలేజీ తలుపు తెరుచుకుంటుంది. దేంట్లో రాకపోయినా పిల్ల ఏడాదిపాటు ఇంట్లో కూర్చోవాలి. తల్లి పాతదంటుంది. తండ్రి కొత్తదంటాడు.

పోనీ పిల్లకి ఏది బాగా వస్తే అది రాయిద్దామని, ప్రతి ఆదివారం రెండు నమూనా పరీక్షలూ పెట్టి చూశారు. ప్రతి ఆదివారం రెండింట్లోనూ సమానంగా వచ్చాయి. ఒక మార్కు అటూ ఇటూ.

"నా ముప్పయ్యేళ్ళ అనుభవంలో," అన్నాడు కళ్ళద్దాలాయన దర్జీ ఆవిడతో, "ఒక అద్దం పెట్టి ఇది బాగుందా అంటాను, ఇంకోటి పెట్టి అది బాగుందా అంటాను. మార్చి మార్చి అడుగుతూ పోతే, చివరికి రెండూ ఒకేలా ఉన్నాయండీ అంటారు. అంటే సరైన పవరు దొరికినట్టే. అక్కడితో ఆపేయొచ్చు."

"ఆపేయండి మరి!" అంది కుర్చీలోంచి భార్య.

"ఇక్కడ ఆపితే ఏదో ఒకటి ఎంచాలి కదే. ఎంచేటప్పుడు ముందుచూపు ఉండాలి. సైన్సు ఉన్నది రాస్తే దాని బుర్ర అటువైపు పదునెక్కుతుంది."

"ఎవరి బుర్ర? మీదా, దానిదా? డాక్టరు కావలసినవాణ్ణి అద్దాలు తుడుచుకుంటున్నానని మీరు రోజూ అనుకునేదానికి, దాన్నెందుకు పరిగెత్తిస్తారు?"

ఆ మాట కళ్ళద్దాలాయన ఎప్పుడో ఒకసారి, జ్వరంలో ఉన్నప్పుడు అన్నాడు. భార్య దాన్ని ఇన్నాళ్ళూ జాగ్రత్తగా దాచి, ఇవాళ బయటివాళ్ళ ముందు పరిచింది.

"నువ్వు మాత్రం?" అన్నాడు గొంతు తగ్గించి. "రోజూ సాయంత్రం వంటింట్లో కూర్చోబెట్టి మాటలకి అర్థాలు చెప్పిస్తావు. అది దాని చదువా, నీ సరదానా?"

"సరదానే! ఆఫీసులో పొద్దస్తమానం ఎవడో రాసిన తప్పులు దిద్దుతాను. సాయంత్రం ఒక్క గంట నా కూతురితో నాలుగు మంచి మాటలు మాట్లాడుకుంటాను. అదీ మీ కళ్ళల్లో పడిందా?"

ఇది కూడా ఇంతవరకూ ఎవరి ముందూ అనని మాటే. తన నోటివెంట వచ్చిన ఆ మాట విని ఆవిడే కంగారుపడి, కొంగు సవరించుకుంది. తమ్ముడు గోడమీది అక్షరాల బోర్డుని శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు. సరేపాప ఇంకో ఫ్రేము తీసుకుని తుడవసాగింది.

"నన్నడిగితే..." అన్నాడు మేనమామ.

"నిన్నెవరూ అడగలేదురా," అంది అక్క.

"అందుకే నన్నడిగితే అన్నాను. మా దగ్గరికొచ్చేవాళ్ళు ఇంట్లో కూర్చుని బండి భలే నడుపుతామంటారు అక్కా. పక్కన నేను కూర్చుంటేగానీ తెలీదు. ఆదివారం గదిలో తలుపేసుకుని రాసిన పరీక్షలు ఎందుకు? మనందరి ముందూ ఇప్పుడే అడుగుదాం. రెండు పుస్తకాలూ ఇక్కడే ఉన్నాయి. దీన్లోంచి ఒకటి, దాన్లోంచి ఒకటి. దేంట్లో ఎక్కువ చెబితే అదే రాస్తుంది. ఇక మాట్లాడకూడదు. ఏం బావా?"

"నాకు సమ్మతమే."

"అక్కా?"

"అడగండి. నిజం బయటపడుతుంది."

"ఏమ్మా కోడలా?"

"సరే మామయ్యా," అంది పిల్ల.

దర్జీ ఆవిడకి హుషారొచ్చేసింది. సంచీలోంచి గుప్పెడు బొత్తాలు తీసి బెంచీమీద పోసింది. "లెక్క నేను చూస్తాను. పాతదానికి తెల్ల బొత్తాం, కొత్తదానికి నల్లది. జవాబు సరైనదైతేనే పెడతాను, నా దగ్గర మొహమాటాల్లేవు."

మేనమామ చదవడం, పిల్ల చెప్పడం, బొత్తాం పడటం. కళ్ళద్దాలాయన గోడకి చేరగిలబడి వింటున్నాడు. భార్య కుర్చీలో ముందుకి వంగింది. తెల్లది పడితే ఆవిడ ముఖం విప్పారుతుంది. నల్లది పడితే ఆయన దగ్గుతాడు, సంతోషం కనపడకుండా.

చాలాసేపు అడిగారు. తెల్ల వరుసా నల్ల వరుసా రెండెడ్ల బండిలా జోడుగా సాగాయి.

"ఇదేంటమ్మా, కవలపిల్లల్లా!" అని ఆశ్చర్యపోయింది దర్జీ ఆవిడ.

అప్పుడు కళ్ళద్దాలాయన ఒక సంగతి గమనించాడు. కష్టమైన లెక్క ఒకటి మేనమామ పూర్తిగా చదవకముందే పిల్ల ఠక్కున చెప్పేసింది. నల్ల బొత్తాం పడింది. ఆ వెంటనే కొత్తదాంట్లోంచే, పొరపాటున, మరో ప్రశ్న చదివాడు అతను. చిన్నపిల్లలు చెప్పేది. పిల్ల తడబడింది, తప్పు చెప్పింది. చెప్పేముందు పిల్ల పుస్తకంవైపు చూడలేదు, మామయ్యవైపూ చూడలేదు. బెంచీమీది బొత్తాలవైపు చూసింది.

అడుగున ఉన్న చిన్న అక్షరాలు గడగడ చదివి, పైనున్న పెద్ద అక్షరం దగ్గర నసిగేవాళ్ళని ఆయన చాలామందిని చూశాడు. కనపడుతున్నా కనపడటం లేదని చెప్పేవాళ్ళు. తేలిక పని ఇస్తారని కొందరు, స్నేహితురాలి కళ్ళద్దాలు చూసి ముచ్చటపడి కొందరు. వాళ్ళని ఆయన ఏమీ అనడు. పవరున్న అద్దం పెడుతున్నానని చెప్పి సాదా గాజు పెడతాడు. ఇప్పుడు బాగుందా అంటాడు. ఆహా, ఎంత స్పష్టంగా ఉందో అంటారు. అంతే, సంగతి తెలిసిపోతుంది.

"పుస్తకాలు ఇలా ఇవ్వు," అన్నాడు బావమరిదితో.

"ఎందుకు బావా? బాగానే సాగుతోందిగా."

"ఇవ్వరా."

అప్పటికి నల్ల బొత్తాం ఒకటి ఎక్కువుంది. ఆయన రెండు పుస్తకాలూ తీసుకుని, ఒకటి తెరిచి, అట్టలు కనపడకుండా చేత్తో కప్పి పట్టుకుని నిలబడ్డాడు.

"ఇది కొత్త పరీక్షలోది. చొక్కా ధర ఇరవై శాతం పెంచారు. ఆ పెంచినదాని మీద మళ్ళీ ఇరవై శాతం తగ్గించారు. మొదటి ధరకంటే ఎక్కువా, తక్కువా, సమానమా?"

పిల్ల బెంచీవైపు చూసింది.

"సమానం," అంది.

"తప్పు," అన్నాడు తండ్రి. "సరే, ఇది పాత పరీక్షలోది. కళ్ళద్దాల ధర పది శాతం తగ్గించి, తగ్గించినదాని మీద పది శాతం పెంచారు. ఇప్పుడు?"

"ఒక శాతం తక్కువ."

ఊపిరి తీసుకున్నంతసేపు కూడా పట్టలేదు. దర్జీ ఆవిడ తెల్ల బొత్తాం పెట్టబోయి, చెయ్యి గాలిలో ఆపేసింది.

"అదేంటీ! రెండూ ఒకే లెక్క కదా? చొక్కా దగ్గర రానిది కళ్ళద్దాల దగ్గర ఎలా వచ్చింది?"

"రెండూ ఒకే పుస్తకంలోవమ్మా," అన్నాడు కళ్ళద్దాలాయన. "ఒకే పేజీలోవి."

బయట ఎవరో వచ్చి అద్దంలోంచి తొంగిచూసి, లోపలున్నవాళ్ళ వాలకం చూసి వెళ్ళిపోయారు.

"ఏమే?" అంది తల్లి, చాలా నెమ్మదిగా. "కావాలని తప్పు చెబుతున్నావా?"

పిల్ల తల దించుకుంది.

"ఆదివారాలు కూడానా?"

తల ఇంకొంచెం దిగింది.

"ఎందుకమ్మా?" అన్నాడు తండ్రి. అడిగినది దెబ్బలాటకి కాదని గొంతులో తెలుస్తూనే ఉంది. అయినా పిల్ల ఉలిక్కిపడింది.

"కొత్తదాంట్లో ఎక్కువొస్తే," అంది, ఫ్రేముని గట్టిగా పట్టుకుని, "అమ్మ ఆ సాయంత్రం వంటింట్లో నాతో మాట్లాడదు. పనుంది, నువ్వెళ్ళి చదువుకో అంటుంది. పాతదాంట్లో ఎక్కువొస్తే నువ్వు భోజనం దగ్గర మాట్లాడవు. పళ్ళెంలోకి చూస్తూ తినేసి లేచిపోతావు. సమానంగా వస్తే ఇద్దరూ మాట్లాడతారు. ఒకరితో ఒకరు పోట్లాడుకుంటారనుకో. నాతో మాత్రం ఇద్దరూ మాట్లాడతారు."

"కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం," అని గొణిగింది దర్జీ ఆవిడ. ఎవరు కప్పో ఎవరు పామో చెప్పనందుకు ఎవరూ ఏమీ అనలేదు.

తల్లి ముఖం పాలిపోయింది. ఆ ఆదివారాలన్నీ ఆవిడకి ఒక్కసారిగా గుర్తొచ్చినట్టున్నాయి. అప్పుడు నిజంగానే పనుండి అన్నాననుకుంది. ఇప్పుడు ఏ పనో ఒక్కటీ గుర్తు రావడంలేదు. దుఃఖం పొంగుకొచ్చింది. పొద్దున్నుంచీ ఎవరెంత బతిమాలినా కదలని మనిషి చటుక్కున కుర్చీలోంచి లేచింది.

"పోనీలే, అయిందేదో అయింది," అన్నాడు తండ్రి. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇప్పుడు నిజం చెప్పమ్మా. కావాలని తప్పు చెప్పకపోతే నీకు ఏది బాగా వస్తుంది?"

"తెలీదు నాన్నా."

"భయపడకు. మేమేమీ అనుకోం."

"భయం కాదు నాన్నా, నిజంగా తెలీదు. మొదట్లో తెలిసేది. ఏదో ఒకటి తేలిగ్గా అనిపించేది. ఇప్పుడు ప్రశ్న చూడగానే జవాబు రాదు. మీ ఇద్దరూ గుర్తొస్తారు. ఎవరికి ఎంత అయిందో లెక్కేసుకుంటాను. ఆ తరవాతే ప్రశ్న చదువుతాను."

మేనమామ గడియారంవైపు చూశాడు. "ఆరు కావస్తోంది బావా. ఏమీ ఎంచకపోతే రెండూ పోతాయి."

"కొత్తదే రాయవే," అంది తల్లి హడావుడిగా, కూతురి భుజం పట్టుకుని. "నీకు సైన్సు వచ్చు. నేనేమీ అనుకోను, ఒట్టు."

"వద్దు," అన్నాడు తండ్రి. "పాతదే రాయి. తీరిగ్గా రాసుకోవచ్చు. అమ్మతో చదువుకున్నావు కదా."

"మీరెందుకు ఇప్పుడు మారారు?"

"నువ్వెందుకు మారావు?"

"నేను పిల్లకోసం మారాను!"

"నేనేమన్నా పక్కింటివాళ్ళకోసం మారానా? నా మాట విను, పాతదే మంచిది."

"ఇన్నాళ్ళూ కొత్తది కొత్తది అని నా ప్రాణం తీసి, ఇప్పుడు నేను ఒప్పుకున్నాక పాతదంటారా?"

"బాగుంది సంబడం," అంది దర్జీ ఆవిడ. "ఇందాకటిదాకా ఈయన అటూ ఆవిడ ఇటూ. ఇప్పుడు ఈయన ఇటూ ఆవిడ అటూ. పిల్ల మాత్రం ఉన్నచోటే ఉంది పాపం."

సరేపాప ఒకసారి తల్లివైపు, ఒకసారి తండ్రివైపు చూసింది. ఎవరి ఇష్టం ఏదో ఇన్నాళ్ళకి కష్టపడి నేర్చుకుంది. ఇప్పుడు ఒక్క క్షణంలో రెండూ తారుమారయ్యాయి. కొత్తది నొక్కితే ఎవరు సంతోషిస్తారు? పాతది నొక్కితే ఎవరు బాధపడతారు? తల దిమ్మెక్కిపోయింది. చేతిలోని ఫ్రేము పుల్ల పుటుక్కున విరిగింది.

"మీరిద్దరూ బయటికి వెళ్ళండి," అంది.

అంతవరకూ ఆ పిల్ల ఎవరినీ అటు జరగమని కూడా అని ఎరగదు. తల్లీ తండ్రీ పోట్లాట మధ్యలోనే నోరు తెరుచుకుని నిలబడిపోయారు.

"మామయ్యా, నువ్వు కూడా. ఆంటీ, మీరు కూడా, ఏమనుకోకండి."

"నేనెందుకమ్మా, నాకు అసలే సరిగ్గా కనపడదు," అంది దర్జీ ఆవిడ. కానీ బొత్తాలు ఏరుకుని అందరికంటే ముందు లేచింది ఆవిడే.

నలుగురూ మెట్లు దిగి వీధిలో నిలబడ్డారు. దుకాణం ముందుభాగమంతా గాజే. లోపల బల్లమీద బిల్లులు కొట్టే కంప్యూటరు ముందు పిల్ల కూర్చోవడం కనపడుతూనే ఉంది. మౌసు మీద చెయ్యి వేసింది. తీసేసింది. తల తిప్పి గాజులోంచి వీళ్ళవైపు చూసింది.

తండ్రి వెంటనే ముఖాన చిరునవ్వు పెట్టాడు. తల్లి కూడా పెట్టింది. ఏది నొక్కినా మాకిష్టమే అని తెలియాలని ఇద్దరూ ఎంత పెద్దగా నవ్వారంటే, దారినపోయే ఒకాయన తనని చూసి నవ్వుతున్నారేమోనని బదులు నవ్వాడు. పిల్ల ఆ రెండు నవ్వుల్లో ఏది ఎక్కువ నిజమో తేల్చుకోవాలన్నట్టు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

ముందు తల్లికే తెలిసింది.

"ఇటు తిరగండి," అంది భర్త చెయ్యి లాగుతూ.

"ఏం? చూడనీ..."

"మనం చూస్తున్నంతసేపూ అది నొక్కదు. తిరగండీ!"

ఇద్దరూ దుకాణానికి వీపు పెట్టి, వీధివైపు తిరిగి నిలబడ్డారు. బళ్ళు వెళుతున్నాయి. ఎదురుగా తాళాలు బాగుచేసే కొట్టువాడు వీళ్ళని చూసి, ఏం జరిగిందని చేత్తోనే అడిగాడు. ఏం చెప్పాలో తెలియక కళ్ళద్దాలాయన చేత్తోనే ఏమో అన్నాడు.

"ఏది నొక్కుతుందంటావ్?" అన్నాడు పెదవులు కదపకుండా.

"నాకేం తెలుసు. మీరు ఏది నొక్కాలనుకుంటున్నారు?"

"అదే తెలియడంలేదు."

"నాక్కూడా," అంది ఆవిడ.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ఇద్దరికీ కుదిరిన ఏకాభిప్రాయాల్లో ఇదొకటి. ఇది సంతోషించవలసిందో కాదో కూడా ఇద్దరికీ తెలియలేదు.

వెనక తలుపు తెరుచుకుంది.

"అయిపోయింది," అంది పిల్ల గొంతు.

"ఏ..." అని ఇద్దరూ ఒక్కసారే మొదలుపెట్టి, ఒక్కసారే ఆగిపోయారు.

"చెప్తాను. ముందు మీరిద్దరూ ఇటు తిరగండి. చెప్పేటప్పుడు మీ ముఖాలు నాకు కనపడాలి."

కళ్ళద్దాలాయన భార్యవైపు చూశాడు. ఆవిడ ఆయనవైపు చూసింది. ఏ ముఖం పెట్టుకుని తిరగాలో ఎవరికీ అంతుపట్టలేదు. పిల్ల గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తోంది.

ఇద్దరిలో ఎవరూ ముందు తిరగలేదు.